వ్యాపార ప్రక్రియల చిత్రణ, సంస్కరణ: గిరిసోల సరిహద్దు గేటు ఉదాహరణగా

ఏ సంస్థలోనైనా పని ఒకరి దగ్గర మొదలై, చాలామంది చేతులు మారి, మరెక్కడో పూర్తవుతుంది. ఆర్డరు వచ్చిన దగ్గర్నుంచి డబ్బు జమయ్యే దాకా, దరఖాస్తు ఇచ్చిన దగ్గర్నుంచి పత్రం చేతికొచ్చే దాకా నడిచే ఆ వరుసను ప్రక్రియ అంటారు. ఎవరు, ఏ పని, ఏ కాగితం చూసి, ఎవరి తరువాత చేస్తున్నారో బొమ్మగా గీయడం ప్రక్రియ చిత్రణ. గీసిన బొమ్మను ముందు పెట్టుకుని అక్కర్లేని మెట్లను తీసేయడం, మిగిలినవాటిని సరిచేయడం ప్రక్రియ సంస్కరణ. పాఠ్యపుస్తకాలు ఈ విషయాన్ని కార్ల ఫ్యాక్టరీతోనో బ్యాంకు రుణంతోనో వివరిస్తాయి. ఒడిశా, ఆంధ్రప్రదేశ్ సరిహద్దులో ఉన్న ఒక గేటు అంతకంటే మంచి ఉదాహరణ. అక్కడ రెండు రాష్ట్రాలు, అరడజను శాఖలు, వందలాది వ్యాపార సంస్థల పని ఒకే లారీ చుట్టూ తిరిగేది. 2017లో ఆ పనిలో ప్రధాన భాగం గేటు దగ్గర నుంచి మాయమైంది. ఎందుకు మాయమైందో అర్థమైతే ఈ శాస్త్రంలో ముఖ్యమైనదంతా అర్థమైనట్టే.

గిరిసోల

గంజాం జిల్లాలో, బరంపురానికి దక్షిణాన, 16వ నంబరు జాతీయ రహదారి మీద ఒడిశా చివరి ఊరు గిరిసోల. దాటితే శ్రీకాకుళం జిల్లాలోని పురుషోత్తపురం, ఆపైన ఇచ్ఛాపురం. 2010లో నంబర్లు మార్చక ముందు ఈ రోడ్డును ఐదో నంబరు హైవే అనేవారు, పాత డ్రైవర్లు ఇప్పటికీ అలాగే అంటారు. చెన్నై, కోల్‌కతాల మధ్య తీరం వెంట లారీల్లో నడిచే సరుకంతా ఈ దారినే పోవాలి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి గంజాం ప్రాంతం విడిపోయింది. సరిహద్దు గీత పడింది గానీ సంతలు, చుట్టరికాలు, భాషలు రెండు వైపులా కలిసే ఉన్నాయి. బరంపురం బజారులో తెలుగు వినిపించని వీధి తక్కువ.

రోడ్డుకు రెండు వైపులా రెండు రాష్ట్రాలూ తనిఖీ కేంద్రాలు పెట్టుకున్నాయి. ఆంధ్ర వైపు పురుషోత్తపురంలో సమీకృత చెక్‌పోస్టు, ఒడిశా వైపు గిరిసోలలో ఏకీకృత చెక్‌గేటు. పేర్లలోనే సంస్కరణ ఆశయం కనిపిస్తుంది: వాణిజ్య పన్నులు, రవాణా, ఎక్సైజు వంటి శాఖలు వేర్వేరు చోట్ల లారీని ఆపకుండా ఒకే ఆవరణలో చూడాలని. అది మంచి అడుగే. అయితే కౌంటర్లు దగ్గరికి వచ్చాయి గానీ, ఒక్కో శాఖ అడిగే కాగితం, వేసే ముద్ర, రాసే రిజిస్టరు విడివిడిగానే మిగిలాయి.

బొమ్మ గీసే విద్య

ప్రక్రియను బొమ్మగా గీయాలన్న ఆలోచనకు నూరేళ్ళు దాటాయి. అమెరికాలో ఫ్రాంక్, లిలియన్ గిల్‌బ్రెత్ దంపతులు 1921లో మెకానికల్ ఇంజినీర్ల సంఘం ముందు ప్రక్రియ పటాలను ప్రవేశపెట్టారు. 1947లో ఆ సంఘమే గుర్తులను ఐదుకు కుదించి ప్రమాణంగా ప్రకటించింది: పనికి వృత్తం, తనిఖీకి చతురస్రం, కదలికకు బాణం, ఆలస్యానికి ఇంగ్లీషు 'డి' ఆకారం, నిల్వకు త్రిభుజం. ఆలస్యానికి సొంత గుర్తు ఇవ్వడం ఆ పద్ధతిలోని గొప్పతనం. ఆలస్యం ఎవరి పనీ కాదు కాబట్టి ఆఫీసు నియమావళిలో దానికి చోటుండదు. బొమ్మలో గుర్తు ఉంటే తప్పించుకోలేదు.

తరువాతి మెరుగుదలల్లో పెద్దది లేన్ల పద్ధతి. గియరీ రమ్లర్, అలన్ బ్రేచ్ 1990లో రాసిన పుస్తకంతో ఇది బాగా ప్రచారంలోకి వచ్చింది. పటాన్ని అడ్డంగా లేన్లుగా విభజించి, ఒక్కో లేను ఒక్కో శాఖకో వ్యక్తికో ఇస్తారు. గీత ఒక లేను నుంచి మరో లేనుకు దాటిన చోటల్లా పని చేయి మారినట్టు. పొరపాట్లు, ఎదురుచూపులు ఎక్కువగా అక్కడే పుడతాయి. 2004లో వచ్చిన బీపీఎంఎన్ అనే గుర్తుల భాష ఈ లేన్లను, సంఘటనలను, నిర్ణయాలను ఒక ప్రమాణం కిందికి తెచ్చింది. దాని రెండో రూపం 2011లో వెలువడి, 2013లో ఐఎస్‌ఓ ప్రమాణంగా (19510) గుర్తింపు పొందింది. వృత్తం అంటే సంఘటన, గుండ్రని మూలల పెట్టె అంటే పని, వజ్రాకారం అంటే దారులు చీలే చోటు. గుర్తులు వందకు పైనే ఉన్నా మామూలు పనికి పదీపన్నెండు చాలు.

గుర్తులు నేర్చుకోవడం కష్టం కాదు. పటం ఎక్కడ మొదలుపెట్టాలి, ఎవరికి లేను ఇవ్వాలి అన్న నిర్ణయాలే కష్టం.

గేటు దగ్గర ఒక లారీ

వ్యాట్ కాలాన్ని తీసుకుందాం. రెండు రాష్ట్రాల్లోనూ 2005 ఏప్రిల్ 1న వ్యాట్ వచ్చింది. విజయవాడ నుంచి బరంపురం వ్యాపారికి సరుకు వస్తోందనుకుందాం. చెక్‌గేటు అధికారిని అడిగితే ప్రక్రియ లారీ గేటు దగ్గర ఆగడంతో మొదలవుతుందంటాడు. నిజానికి అంతకు ఎన్నో రోజుల ముందే మొదలైంది. ఒడిశాలోకి సరుకు రావాలంటే 402 నంబరు వే బిల్లు కావాలి. ఖాళీ ఫారాలను కొనేవాడే తన సర్కిల్ ఆఫీసు నుంచి తెచ్చుకుని, లెక్క అప్పగించి, అమ్మేవాడికి పంపాలి. అమ్మేవాడు దాన్ని నింపి ఇన్వాయిస్‌తో, ట్రాన్స్‌పోర్టు వాడి లారీ రసీదు (ఎల్‌ఆర్)తో కలిపి డ్రైవరు చేతికి ఇవ్వాలి. ఫారం కొరియరులో ఆలస్యమైతే సరుకు గోడౌనులోనే ఉంటుంది. తరువాతి ఏళ్ళలో వే బిల్లులు ఆన్‌లైన్‌లోకి మారి ఈ బాధ తగ్గింది.

లారీ గిరిసోల చేరుతుంది. క్లీనరు కాగితాల కట్ట పట్టుకుని కౌంటరు దగ్గర వరుసలో నిలబడతాడు. గుమాస్తా వే బిల్లును ఇన్వాయిస్‌తో, ఇన్వాయిస్‌ను ఎల్‌ఆర్‌తో సరిచూసి, లారీ నంబరు రాసుకుని ముద్ర వేస్తాడు. అనుమానం వస్తే తార్పాలిన్ విప్పించాలి, అంటే కట్టిన తాళ్ళన్నీ ఊడదీసి మళ్ళీ కట్టుకోవాలి. రవాణా శాఖ వైపు పర్మిట్, ట్యాక్స్, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ పత్రం), ఇన్సూరెన్స్ చూస్తారు, లోడు ఎక్కువనిపిస్తే కాటాకు పంపుతారు. కోల్‌కతా పోయే లారీ అయితే ట్రాన్సిట్ పాస్ రాయించుకోవాలి. సరుకు ఒడిశాలో దింపలేదని రుజువుగా దాన్ని బాలేశ్వర్ జిల్లా లక్ష్మణనాథ్ దగ్గరో, మయూర్‌భంజ్ జిల్లా జామ్‌సోల దగ్గరో రాష్ట్రం దాటేటప్పుడు అప్పగించాలి.

ఆ ఐదు గుర్తులతో ఈ పటం గీస్తే చతురస్రాలు, 'డి'లే కనిపిస్తాయి. సరుకుకు విలువ పెంచే వృత్తం ఒక్కటీ ఉండదు. మూడు కాగితాల్లో ఉన్నది ఒకే సమాచారం: ఎవరు, ఎవరికి, ఏమిటి, ఎంత. ఆ నాలుగు మాటలను ఒకదానితో ఒకటి పోల్చడానికే ఆ కౌంటరంతా. లేన్ల పద్ధతిలో గీసేటప్పుడు సాధారణంగా శాఖలకు లేన్లు ఇస్తారు, డ్రైవరుకు ఇవ్వరు. ఇది మామూలు లోపం కాదు. ప్రతి శాఖా తన లేనులో తాను కొద్ది నిమిషాలే తీసుకున్నానని నిజాయితీగానే చెప్పగలదు. ఆ నిమిషాల మధ్య గంటలు గడిచేది డ్రైవరు లేనులో. ఆ లేను గీయకపోతే సమస్యే కనపడదు.

ఎదురుచూపును లెక్కగట్టే సూత్రాలు సులభమైనవే. జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం ప్రకారం గంటకు సగటున వచ్చే లారీల సంఖ్యను ఒక్కోటి ఆగే సగటు గంటలతో గుణిస్తే, ఏ సమయంలోనైనా అక్కడ నిలిచి ఉండే సగటు లారీల సంఖ్య వస్తుంది. గంటకు 40 వచ్చి 3 గంటలు ఆగితే 120 లారీలు. అంటే రోడ్డు పక్క పొడవాటి వరుస కనిపిస్తే గడియారం చూడక్కర్లేదు, లెక్కపెడితే చాలు. ఇంకొకటి అంత సులభంగా మనసుకు ఎక్కదు. ఒక కౌంటరు గంటకు సగటున 12 లారీలు చూడగలదనుకుందాం. లారీలు క్రమం లేకుండా వస్తూ, ఒక్కోదానికి పట్టే సమయమూ మారుతూ ఉంటే, గంటకు 10 వచ్చినప్పుడు ఒక్కో లారీ సగటున అరగంట ఆగుతుంది. 11 వస్తే గంట. వచ్చేవి పది శాతం పెరిగితే ఆగే సమయం రెట్టింపు. గుమాస్తాలు ఎప్పుడూ ఖాళీ లేకుండా ఉండడం మంచి నిర్వహణ అనుకునే అధికారులు ఈ లెక్క ఒకసారి వేసి చూడాలి.

వేగం పెంచడమా, తీసేయడమా

1990లో మైకేల్ హ్యామర్ హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాసిన వ్యాసం ఈ రంగాన్ని మలుపు తిప్పింది. పాత పనిని కంప్యూటరెక్కించవద్దు, అవసరం లేకపోతే తుడిచేయండి అన్నది దాని సారం. ఆయన చెప్పిన ఉదాహరణ ఫోర్డ్ కంపెనీది. ఉత్తర అమెరికాలో సరుకు కొన్నందుకు బిల్లులు చెల్లించే విభాగంలో 500 మందికి పైగా ఉండేవారు. కొనుగోలు ఆర్డరు, సరుకు అందిన చీటీ, అమ్మినవాడి ఇన్వాయిస్, ఈ మూడూ సరిపోల్చడమే వాళ్ళ పని. మాజ్డా కంపెనీలో అదే పనికి ఐదుగురు ఉన్నారు. కంపెనీ పరిమాణాల్లో తేడా ఉన్నా ఇంత అంతరానికి అది సమాధానం కాదు. ఫోర్డ్ చివరికి ఇన్వాయిస్‌నే తీసేసింది: సరుకు అందిందని డేటాబేస్‌లో నమోదైతే చెల్లింపు జరిగిపోతుంది. సిబ్బంది అవసరం 75 శాతం తగ్గింది. గిరిసోల కౌంటరులో మూడు కాగితాలు సరిచూసే గుమాస్తా పనికీ, ఈ పనికీ రూపంలో తేడా లేదు.

తెలుగువారి అనుభవంలో దీనికి ఎదురు ఉదాహరణ 1998 నవంబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన రిజిస్ట్రేషన్ల కంప్యూటరీకరణ, కార్డ్ ప్రాజెక్టు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దస్తావేజులను చేత్తో నకలు రాసే పని పోయి, స్కానింగ్ వచ్చింది. రోజులు పట్టే పని గంటలకు తగ్గింది. అది నిజమైన లాభమే. అయితే 2004లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో జొనాథన్ కేస్లీ రాసిన పరిశీలన, అవినీతి తగ్గలేదని, మధ్యవర్తుల పాత్ర అలాగే ఉందని చూపింది. ఆఫీసు లోపలి లేన్లు మారాయి, ఆఫీసుకూ పౌరుడికీ మధ్య ఉన్న దస్తావేజు లేఖరి లేను మారలేదు. 2001లో హైదరాబాదులో వచ్చిన ఈ-సేవ దీనికి భిన్నం. అక్కడ శాఖల పటాన్ని అలాగే ఉంచి, పౌరుడు తిరగాల్సిన చోట్లను ఒక్కటి చేశారు. కరెంటు బిల్లుకు ఒక క్యూ, నీటి బిల్లుకు ఇంకో క్యూ అనే రోజులు చూసినవారికి ఆ తేడా చెప్పనక్కర్లేదు.

గిరిసోలలో జరిగింది వీటన్నిటికంటే లోతైనది. పాత పన్ను పద్ధతిలో సరుకు రాష్ట్రంలోకి వచ్చిందన్న రుజువు రాష్ట్రానికి గేటు దగ్గర తప్ప ఇంకెక్కడా గట్టిగా దొరికేది కాదు. రాష్ట్రాల మధ్య అమ్మకం మీద కేంద్ర అమ్మకపు పన్ను, తక్కువ రేటు కోసం సి ఫారం, ఒడిశాలో 1999 నుంచి ప్రవేశ పన్ను. వే బిల్లు లేకుండా వచ్చిన సరుకు లెక్కలోకి రాకుండానే అమ్ముడుపోయే వీలుంది. కాబట్టి గేటు అధికారుల మొండితనం కాదు, చట్టం నిర్మాణం నుంచి పుట్టిన అవసరం. 101వ రాజ్యాంగ సవరణ తరువాత 2017 జులై 1న వచ్చిన జీఎస్టీ ఆ నిర్మాణాన్నే మార్చింది. పన్ను వినియోగం జరిగే రాష్ట్రానికి చెందుతుంది, రాష్ట్రాల మధ్య అమ్మకం మీద ఐజీఎస్టీ పడుతుంది. అమ్మేవాడు తన ఇన్వాయిస్ అప్‌లోడ్ చేస్తేనే కొనేవాడికి పన్ను క్రెడిట్ కనపడుతుంది. రుజువు ఇప్పుడు ఇన్వాయిస్‌లోనే ప్రయాణిస్తుంది. మొదటి మూడు రోజుల్లోనే 22 రాష్ట్రాలు వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులను ఎత్తేశాయి. గిరిసోల, పురుషోత్తపురాల మధ్య అమ్మకపు పన్ను కౌంటర్లూ ఆ మార్పులోనే చరిత్రలో కలిశాయి.

ప్రక్రియ సంస్కరణ చేసేవారు మొదట అడగవలసిన ప్రశ్న దీన్నిబట్టి తేలుతుంది: ఈ మెట్టు ఏ సందేహానికి జవాబుగా పుట్టింది? ఆ సందేహం ఇంకోచోట తీరిపోతే మెట్టు తనంతట తానే అనవసరమవుతుంది. తీరకుండా మెట్టును మాత్రమే ఎత్తేస్తే వేరే పేరుతో తిరిగి వస్తుంది.

పని ఎక్కడికి పోయింది

తనిఖీ పోలేదు, చోటు మారింది. 2018 ఏప్రిల్ 1 నుంచి రాష్ట్రాల మధ్య 50,000 రూపాయలు దాటిన సరుకుకు ఈ-వే బిల్లు తప్పనిసరి. మొదట ఫిబ్రవరి 1న మొదలుపెడితే మొదటిరోజే పోర్టల్ భారం మోయలేక కుప్పకూలింది. రెండోసారి రాష్ట్రం లోపలి రవాణాను విడతలుగా చేర్చారు, ఏప్రిల్ 15న చేరిన మొదటి ఐదు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నాయి. దేశమంతా ఒకేసారి కాక కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలన్న పాఠం ఖరీదుగానే నేర్చుకున్నారు.

బిల్లులో రెండు భాగాలు. సరుకు, విలువ, పన్ను వివరాలు మొదటిది. లారీ నంబరు రెండోది. మధ్యలో లారీ చెడిపోతే రెండో భాగం మాత్రమే మారిస్తే చాలు. పాత వే బిల్లులో లేని ఈ విభజన చక్కటి రూపకల్పన, మారేదాన్నీ మారనిదాన్నీ వేరు చేసింది. 2021 జనవరి 1 నుంచి ఒక రోజు గడువుకు 200 కిలోమీటర్ల లెక్క, అంతకు ముందు 100. విశాఖ నుంచి బరంపురం సుమారు 260 కిలోమీటర్లు కాబట్టి రెండు రోజులు. గడువు తీరడానికి 8 గంటల ముందు నుంచి తీరిన 8 గంటల దాకా పొడిగించుకోవచ్చు. పెద్ద సంస్థలకు 2020 అక్టోబరులో మొదలైన ఈ-ఇన్వాయిస్ ఇప్పుడు 5 కోట్ల టర్నోవరు దాటినవారికి వర్తిస్తుంది, దాని వివరాలే ఈ-వే బిల్లు మొదటి భాగంలోకి వచ్చి కూర్చుంటాయి. గుమాస్తా మూడు కాగితాలు పోల్చే అవసరం పుట్టకుండానే పోయింది.

దీని భారం అమ్మేవాడి ఆఫీసు మీద, ట్రాన్స్‌పోర్టు బుకింగ్ టేబుల్ మీద పడింది. గేటు దగ్గరి గంటలు పోయి, కంప్యూటరు ముందు నిమిషాలు వచ్చాయి. దేశం మొత్తం మీద ఇది లాభసాటి మార్పు. అయినా కంప్యూటరు రాని చిన్న వ్యాపారి బయటివాడికి డబ్బిచ్చి బిల్లు కొట్టించుకునే ఖర్చును లాభనష్టాల పట్టీలో రాయాలి.

నియమం కంటే మినహాయింపుల దగ్గరే ప్రక్రియ నాణ్యత తెలుస్తుంది. సంచార బృందాలు లారీని ఇప్పటికీ ఎక్కడైనా ఆపవచ్చు. ఆపితే తనిఖీ నివేదిక మొదటి భాగాన్ని 24 గంటల్లో, తుది నివేదికను మూడు రోజుల్లో పోర్టల్‌లో పెట్టాలి. తొలి నెలల్లో పిన్‌కోడ్‌లో తప్పు, పేరులో ఒక అక్షరం తేడా ఉన్నా పూర్తి జరిమానా పడుతుండేది. 2018 సెప్టెంబరు 14 నాటి 64వ సర్క్యులర్ అలాంటి చిన్న తప్పులను వేరు చేసి, జరిమానాను మొత్తం 1,000 రూపాయలకు పరిమితం చేసింది. ఎగవేతకు ఒక దారి, అక్షర దోషానికి ఇంకో దారి: పటంలో ఒక వజ్రాకారం కొత్తగా చేరింది. ఆ ఒక్క గుర్తు వల్ల రోడ్డు మీద ఎన్ని వాదులాటలు తగ్గి ఉంటాయో ఊహించవచ్చు.

గోదావరి జిల్లాల చేపల లారీలది మరో దారి. థర్మోకోల్ పెట్టెల్లో ఐసు మధ్య పేర్చిన చేప ఇదే రోడ్డు మీదుగా ఒడిశాకు, బెంగాల్‌కు, అస్సాంకు పోతుంది. తాజా చేపకూ, కోడిగుడ్లకూ జీఎస్టీ లేదు, ఈ-వే బిల్లూ అక్కర్లేదు. ఇక్కడ ఆలస్యం ఖరీదు కరిగే ఐసులో కనిపిస్తుంది. అన్ని సరుకులకూ ఒకే సగటు సమయం లెక్కగట్టే నివేదికలు ఈ తేడాను దాచేస్తాయి, అందుకే ప్రక్రియ పటం గీసేముందు సరుకును రకాలుగా విడదీయాలి.

2020 లాక్‌డౌన్‌లో ఈ సరిహద్దు మనుషుల ప్రక్రియను చూసింది. దక్షిణాది నుంచి తిరిగొచ్చే గంజాం కూలీలు ఇటే వచ్చారు. ఒడిశా ప్రభుత్వం పంచాయతీల్లోనే క్వారంటైన్ కేంద్రాలు పెట్టి, సర్పంచులకు తమ పరిధిలో కలెక్టరు అధికారాలిచ్చి, ముందే పేరు నమోదు చేయించుకోమంది. గడువు పూర్తిచేసినవారికి 2,000 రూపాయల ప్రోత్సాహకం. అన్నీ సరిహద్దు దగ్గరే తేల్చకుండా, పనిని మనిషి వెళ్ళే ఊరికి మళ్ళించడం ఆ రూపకల్పనలో బలం.

మిగిలినవి

2017 తరువాత కూడా గిరిసోలలో రవాణా శాఖ తనిఖీ కొనసాగింది. దానికి కారణం ఉంది. ట్యాక్స్, పర్మిట్, ఇన్సూరెన్స్ ఇప్పుడు వాహన్ డేటాబేస్‌లో కనపడతాయి, చెక్‌పోస్టు ట్యాక్స్ కూడా పరివాహన్ పోర్టల్‌లో కట్టవచ్చు. కానీ లోడు ఎంతుందో, టైరు ఎంత అరిగిందో ఏ డేటాబేసూ చెప్పదు, కాటా కావాలి, చూసే కన్ను కావాలి. సమాచారాన్ని సరిచూసే తనిఖీ, వస్తువును చూసే తనిఖీ వేరువేరు. మొదటిది దూరం నుంచి చేయవచ్చు. రెండోది రోడ్డు మీదే చేయాలి, బ్రేక్ ఇన్‌స్పెక్టరు పూర్తి సమయం దానికే కేటాయించగలిగితే రోడ్డు ప్రమాదాల మీద ప్రభావం ఉంటుంది.

ఈ రంగంలో కొత్తది ప్రాసెస్ మైనింగ్. నెదర్లాండ్స్‌కు చెందిన విల్ వాన్ డర్ ఆల్స్ట్ పరిశోధనతో ఎదిగిన ఈ పద్ధతిలో పటాన్ని ఎవరినీ అడిగి గీయరు. కంప్యూటర్లలో నమోదైన సంఘటనల చిట్టా తీసుకుంటారు. దానికి మూడు గడులు చాలు: ఏ కేసు, ఏ పని, ఏ సమయం. ఈ-వే బిల్లు నంబరు కేసు, టోల్‌ప్లాజా దాటడం పని, ఫాస్టాగ్ చదివిన క్షణం సమయం. 2021లో ఈ-వే బిల్లును ఫాస్టాగ్‌తో కలిపారు కాబట్టి లారీ అసలు నడిచిన దారి పటం దానంతటదే వస్తుంది. ఎగవేతదారులను పట్టడానికి దీన్ని వాడుతున్నారు. రోడ్డు మీద లారీ ఎక్కడ ఎంతసేపు ఆగిపోతోందో కనిపెట్టడానికీ ఇదే చిట్టా పనికొస్తుంది, అటువైపు కూడా అంతే శ్రద్ధ పెట్టాలి.

దానికి నియమాల్లో ఒక ఆధారం ఇప్పటికే ఉంది. తనిఖీ పేరుతో లారీని అరగంట మించి ఆపితే ఈడబ్ల్యూబీ-04 అనే ఫారంలో ఆ సంగతి పోర్టల్‌కు ఎక్కించవచ్చని జీఎస్టీ 138డి నియమం చెబుతుంది. ఎక్కించే హక్కు ట్రాన్స్‌పోర్టరుది. రోడ్డు పక్కన ఆగిపోయిన డ్రైవరు ఫోన్ చేసి ఆఫీసుకు చెప్పాలి, ఆఫీసు లాగిన్ అయి రాయాలి, రేపు అదే రోడ్డున తమ లారీ మళ్ళీ వెళ్ళాలని తెలిసినవాళ్ళు రాయకపోవచ్చు. డ్రైవరు తన ఫోన్‌లో బిల్లు నంబరు కొట్టి, తెలుగులోనో ఒడియాలోనో 'ఆపారు', 'వదిలారు' అని రెండు మీటలు నొక్కే వీలు కల్పిస్తే, ఇన్నాళ్ళూ పటంలో లేని ఆ లేనుకు సమయాలు వాటంతటవే వచ్చి చేరతాయి.